ఏడో గడి

లింగమూర్తి మాస్టారు చదవకుండా దేనిమీదా సంతకం పెట్టరు, అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబూ చెప్పరు. తణుకులో ఆయన దగ్గర వేదాంతం వినే నలుగురికీ ఈ రెండు సంగతులూ తెలుసు. అయినా ఆ ఆదివారం పొద్దున్నే త్రినాథరావు ఒక ప్రశ్నా, ఒక కాగితమూ పట్టుకుని ఆయన అరుగెక్కాడు.

"పదకొండేళ్లుగా ధ్యానం చేస్తున్నాను గురువుగారూ. లోపలి నాదం వినబడుతుందన్నారు. నాకెందుకు వినబడదు?" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే దుఃఖం ఉంది. తరవాత కాస్త మొహమాటపడుతూ కాగితం చాపాడు. ఇంట్లో బోరు మోటారు పాడైంది. బీమా కంపెనీవాళ్లకు సాక్షి సంతకం కావాలట.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచీ చదివారు. మోటారు హఠాత్తుగా చెడిపోతే కంపెనీ బాగుచేయిస్తుంది, అరిగి అరిగి చెడిపోతే చేయించదు. ఏడో గడిలో "లోపం మొదట ఎప్పుడు గమనించారు?" అని ఉంది. "నిన్న ఉదయం, హఠాత్తుగా" అని త్రినాథరావు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. అబద్ధమాడే మనిషి కాదు పాపం. అతను గమనించింది నిన్న ఉదయమే.

"అమ్మాయిని కూడా అడుగుదాం పద," అని మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

వాళ్లు వెళ్లేసరికి త్రినాథరావు భార్య హైమావతి పక్కింటి కుళాయి నుంచి బిందెతో నీళ్లు మోసుకొస్తోంది. గురువుగారిని చూసి, బిందె మెట్టుమీద దించి కొంగు సర్దుకుంది.

"మోటారు చప్పుడు ఎప్పటినుంచి మారిందమ్మా?" అని అడిగారు మాస్టారు.

"దసరా ముందునుంచే మూలుగుతోందండీ. పది నిమిషాలకోసారి ఆపి, చల్లారాక మళ్లీ వేసేదాన్ని. ఈయనకి రెండుసార్లు చెప్పాను కూడా." మొగుడి వంక చూసి నవ్వాపుకుంది. "అప్పుడు ధ్యానంలో ఉన్నారు."

మోటారు ఉన్నది అతని ధ్యానం గది కిటికీ కిందే. త్రినాథరావుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాగితం వెనక్కి తీసుకుని, రాసింది కొట్టేసి, "దసరాకు ముందు" అని రాశాడు. ఇక ఆ మోటారు బాగుచేయించుకునే భారం తనదేనని అతనికి తెలుసు.

హైమావతి మళ్లీ బిందె ఎత్తడానికి వంగుతూ ఎడమచెయ్యి నడుంమీద వేసుకుంది. ఆ చెయ్యి అలా పడటం అతను ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఇవాళ గబగబా మెట్లు దిగి ఆ బిందె తనే అందుకున్నాడు.

"ఆ నడుంనొప్పి ఎప్పటినుంచి హైమా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిరుటి ఉగాది నుంచి," అంది. "చెబుదామనే అనుకున్నాను..."

మాస్టారు కాగితాన్ని గోడకానించి నెమ్మదిగా సంతకం పెట్టారు. దాన్ని శిష్యుడి జేబులో దోపి, భుజం తట్టారు.

"ఇవాళ్టికి ఇంత వినబడింది. చాలు నాయనా."