అప్పలకొండమ్మ ఫోనులో ఏడు కోటలు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక సందులో కర్రి వారి ఇల్లు ఒకటుంది. ఆ ఇంట్లో ఉన్నంత తెలివి జిల్లా మొత్తం మీద వెతికినా దొరకదని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. బయటివాళ్ళెవరూ ఆ మాట అన్నది లేదు. అయినా తెలివైనవాళ్ళని లోకం ఒక పట్టాన గుర్తించదన్న సంగతి కూడా వాళ్ళకి తెలుసు. ఒకసారి పెళ్ళికి ఊరెళ్తూ, ఇంటికి తాళం వేస్తే దొంగలకి తెలిసిపోతుందని, తలుపు తెరిచిపెట్టి "ఇంట్లోనే ఉన్నాం" అని చీటీ అంటించి వెళ్ళారు. వచ్చేసరికి ఇత్తడి బిందెలన్నీ పోయాయి. "చీటీ అంటించాం కాబట్టి బిందెలతో సరిపెట్టాడు, లేకపోతేనా?" అని ఆ రాత్రి అందరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు.

ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు సన్యాసినాయుడు, మార్కెట్లో బెల్లం దిమ్మలు ఎత్తేవాడు. నడిమివాడు పైడినాయుడు, కంప్యూటర్ కోర్సు చదివి సర్టిఫికెట్టుని దేవుడి పటం పక్కన వేలాడదీసినవాడు. చిన్నవాడు జోగినాయుడు, అందరూ జోగులు అంటారు. బొమ్మలు గీస్తాడు, మబ్బుల్ని చూస్తూ నడిచి కాలవలో పడతాడు. ముగ్గురినీ సాకింది మేనత్త పోలమ్మ.

ముగ్గురూ కలిసి మూడేళ్ళు కూర్చుని "ఏడు కోటల దండు" అని ఒక కంప్యూటర్ ఆట తయారుచేశారు. దండుకి తిండి చూసుకోవాలి, దారి చూసుకోవాలి, ఎత్తుకి పైఎత్తు వేసి శత్రువు కోట పట్టాలి. ఇలాంటివాళ్ళు అలాంటి ఆట ఎలా చేశారని ఆశ్చర్యపోనక్కర్లేదు. కంప్యూటరు కూడా చెప్పింది చెప్పినట్టే చేసే జీవి కదా, దానికీ వీళ్ళకీ మొదటిరోజే మనసులు కలిశాయి.

విశాఖపట్నంలో ఒక ఆటల కంపెనీ వాళ్ళు ఆ ఆట చూసి, బాగానే ఉంది, కానీ ఈ రోజుల్లో కంప్యూటరు ముందు ఎవరు కూర్చుంటారు, దీన్ని ఫోనులోకీ, టీవీకి తగిలించే ఆటపెట్టెలోకీ, చేతిలో పట్టుకునే బుల్లి పెట్టెలోకీ మార్చి తీసుకురండి అన్నారు. ఏది ఎలా మార్చాలో చెప్పడానికి హైమావతి అనే అమ్మాయిని పెట్టారు. హైమది కూడా అనకాపల్లే, అందులో గవరపాలెం. రోజూ బస్సులో విశాఖపట్నం వెళ్ళొచ్చేది. ఆటలు ఆడి, తప్పులు పట్టి, కాగితం మీద రాసివ్వడం ఆమె ఉద్యోగం.

జోగులు ఆ కాగితాలు దాచుకున్నాడు. "ఇక్కడ అక్షరాలు కనపడట్లేదు" అని ఆమె రాస్తే, ఆ వాక్యంలో ఏదో చెప్పలేని బాధ ఉందనిపించి రెండు రోజులు అన్నం సహించలేదు. హైమకీ అతనంటే ఇష్టమే. యుద్ధంలో చచ్చిపోయిన ప్రతి సైనికుడి పక్కనా ఒక చిన్న గడ్డిపువ్వు గీసినవాడిని ఇష్టపడకుండా ఎలా ఉంటుంది?

పెళ్ళిమాట హైమ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. అప్పలకొండమ్మకి డెబ్భై నాలుగేళ్ళు. పులిమేక ఆటలో ఆవిడ మేకల్ని పట్టిన పులి ఇంతవరకూ లేదు. ఆవిడ అంతా విని, వక్క నములుతూ ఒకటే మాట చెప్పింది. వాళ్ళ ఆస్తి అక్కర్లేదు, అందం అక్కర్లేదు. వచ్చే శుక్రవారం పొద్దున్న ఆ ఆటేదో తన ఫోనులో తను ఆడి చూస్తుంది. నచ్చిందా, పిల్లనిస్తుంది. నచ్చలేదా, పాయకరావుపేట నుంచి వచ్చిన సంబంధం ఖాయం చేస్తుంది.

జోగులు గుండె ఆ శుక్రవారం చుట్టూనే కొట్టుకోవడం మొదలుపెట్టింది. అన్నదమ్ములు పనిలోకి దిగారు.

హైమ మొదటి కాగితంలో, ఫోను చిన్నది కాబట్టి వేలు పెడితే ఒక్కడికి బదులు ముగ్గురు కదులుతున్నారు, ఒక్కో సైనికుడు బొటనవేలంత ఉండాలి అని రాసింది. ఎవరి బొటనవేలో రాయలేదు. ఇంట్లో పెద్దవాడిది కొలవడం మర్యాద కదా. సన్యాసి వేలు లేత వంకాయంత ఉంటుంది. అంతే, అయిదొందలమంది సైనికులూ లేత వంకాయలంత అయ్యారు. ఫోనులో ఆరుగురు పట్టారు. మిగతా నాలుగొందల తొంభై నలుగురినీ బయట నిలబెట్టారు. శత్రువులు కూడా ఉండాలి కదా అని మళ్ళీ మనవాళ్ళలో ముగ్గుర్ని తీసేశారు. చివరికి కోటకి చోటు చాల్లేదు. పైడి బాగా ఆలోచించి కోటని తీసేశాడు. ఏడు కోటల దండులో దండు మిగిలింది, కోటలు పోయాయి.

రెండో కాగితం టీవీ గురించి. చేతిలో పది మీటలే ఉంటాయి, నలభై ఆజ్ఞల్నీ పదింటిలోకి కుదించండి అని. ఇంకేముంది, నలుగురూ పీట వేసుకుని కూర్చుని పంచుకున్నారు. పోలమ్మత్త దండుకి వంట, స్నానం, తలకి నూనె ఉండి తీరాలంది. సన్యాసి నిద్రకి రెండు మీటలు అడిగాడు, ఒకటి పగటికి, ఒకటి రాత్రికి. జోగులు "వెన్నెల చూడు" అనే మీట ఒకటి పెట్టించుకున్నాడు. పది అయిపోయాక చూస్తే "యుద్ధం చెయ్యి" మిగిలిపోయింది. యుద్ధానికొచ్చినవాడు యుద్ధం చెయ్యక ఏం చేస్తాడు, దానికి వేరే మీటెందుకు అన్నాడు పైడి. నిజమేననుకున్నారు. ఆ తర్వాత దండు ఎండలో కూర్చుని తలకి నూనె రాసుకుంటూ ఉండిపోయింది.

మూడోది బుల్లి పెట్టె. అది ఊరికే వేడెక్కుతోందనీ, ఆట బరువు తగ్గించాలనీ రాసింది హైమ. జోగులు వెంటనే ఆటలో ఎండాకాలం తీసేసి మార్గశిర మాసం పెట్టాడు. మంచు గీశాడు, గొంగళ్ళు గీశాడు. అయినా పెట్టె వేడిగానే ఉంది. అయితే బరువే కారణం అని ఏనుగుల్ని తీసేశారు. రాతి వంతెన తీసేశారు. మంత్రిగారు కాస్త ఒళ్ళున్న మనిషి, ఆయన్నీ తీసేశారు. రాజుని మాత్రం తీసేస్తే బాగుండదని, ఒకపూట పస్తు పెట్టారు.

నాలుగో కాగితం చిన్నదే. బస్సులో వెళ్ళేవాడికి దిగేలోపు ఒక యుద్ధం పూర్తవ్వాలి అని. పైడి గడియారం కట్టుకుని అనకాపల్లిలో బస్సెక్కాడు. ఆరోజే లంకెలపాలెం దగ్గర టైరు పంక్చరైంది. విశాఖపట్నం చేరేసరికి మూడు గంటల పది నిమిషాలు. తిరిగొచ్చి యుద్ధాన్ని సరిగ్గా మూడు గంటల పది నిమిషాలకి సాగదీశాడు. మధ్యలో యాభై నిమిషాలు రెండు సైన్యాలూ రోడ్డు పక్కన దిగి మరమరాలు తినాలి. అది తప్పించడానికి వీల్లేదు.

ఇదంతా హైమ చూసింది. ఇంక ఏమీ మార్చకండి, దయచేసి శుక్రవారం దాకా ఏదీ మార్చకండి అని మాత్రం అని వెళ్ళిపోయింది. అంతే, ఇంట్లో ఎవరూ ఏదీ మార్చలేదు. లుంగీలు మార్చలేదు. క్యాలెండరులో తేదీ మార్చలేదు. పొయ్యి మీదున్న చారుని కూడా పోలమ్మత్త గిన్నె మార్చనివ్వలేదు.

హైమ ఊరుకోలేదు. పాత ఆటని తనే తీసుకుని, ఆఫీసులో స్నేహితురాలి సాయంతో మూడు రోజులు కూర్చుని ఫోనుకి పట్టేలా చక్కబెట్టింది. శుక్రవారం పొద్దున్న సంతోషంగా దాన్ని అమ్మమ్మ ఫోనులో పెట్టబోయింది. అప్పుడు ఆ ఫోనుని మొదటిసారి సరిగ్గా చూసింది. అంకెల మీటలుండే పాత ఫోను. మాట్లాడ్డానికి తప్ప మరి దేనికీ పనికిరానిది. తన ఫోనులో ఆడమని ఎంత బతిమాలినా అమ్మమ్మ ఒప్పుకోలేదు. నా ఫోనులో అన్నాను, నా ఫోనులోనే అంది.

హైమ జోగులుకి ఫోన్ చేసింది.

"అమ్మమ్మ ఫోనులో బొమ్మలు రావండీ. మాటలొక్కటే వస్తాయి."

జోగులు ఆ మాటే అన్నలకి చెప్పాడు. పాయకరావుపేట పెళ్ళికొడుకు గుర్రమెక్కి వస్తున్నట్టు కళ్ళకి కట్టింది. అన్నలిద్దరూ తలలు పట్టుకున్నారు. పోలమ్మత్త మాత్రం చేపలు కడుగుతూ, "మాటలొస్తున్నాయి కదరా, ఇంకేటి కావాలి?" అంది.

నిజమే కదా. అరగంటలో పెరడంతా ముగ్గుతో గళ్ళు గీశారు. మధ్యలో రోలు, అది కోట. రోటి మీద పప్పుగుత్తి పట్టుకుని కూర్చున్న పోలమ్మత్త శత్రురాజు. సన్యాసి, పైడి, జోగులు అప్పలకొండమ్మ దండు. జోగులు ఫోను చెవికి ఆనించుకుని, విన్నది విన్నట్టు అన్నలకి అరిచి చెప్పడానికి నిలబడ్డాడు. ఫోనులో వచ్చిన మాటే ఆజ్ఞ. పక్కనుంచి ఎవరేమన్నా అది శత్రువు పన్నాగం, వినకూడదు. ఇదీ నియమం.

అటు గవరపాలెంలో అప్పలకొండమ్మ వక్క బుగ్గన పెట్టుకుని, పెద్దవాణ్ణి తూర్పుకి నడిపించమంది. ఈలోపు పాలవాడొస్తే అతనితో మాటల్లో పడింది. పెరట్లో తూర్పున మూడడుగుల్లో గోడ ఉంది. సన్యాసి గోడదాకా నడిచి, గోడకి ముక్కు ఆనించి, ఉన్నచోటే కాళ్ళు ఆడిస్తూ పావుగంట నడిచాడు. పాలవాడు వెళ్ళాక ఆవిడకి సంగతి తెలిసింది. ఆ తర్వాత ఎన్ని అడుగులో కూడా చెప్పడం మొదలుపెట్టింది.

రెండోవాణ్ణి దాక్కోమంది. పైడి మాయమయ్యాడు. కొంతసేపయ్యాక, ఎక్కడ దాక్కున్నాడని అడిగింది.

"చెప్పకూడదండి. దాక్కున్నాడు."

"నా సైనికుడే కదా బాబూ."

"మీకు చెప్పేస్తే దాక్కున్నట్టెలా అవుద్దండి?"

అటువైపు వక్క నమలడం ఆగిపోయింది. తర్వాత సన్నగా నవ్వు వినపడింది. హైమ పక్కనే కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది.

పన్నెండు దాటింది. పోలమ్మత్త రోటి మీద నుంచి కదలదు. సన్యాసి దగ్గరికొస్తే పప్పుగుత్తితో ఒకటి వేస్తుంది. అన్నానికి రమ్మని కూడా పిలిచింది గానీ, శత్రువు పిలిస్తే దండు వెళ్తుందా? అప్పలకొండమ్మ ఆలోచించి, మీ అత్త ఇందాకటిదాకా ఏం చేసిందని అడిగింది. నెత్తళ్ళ చేపల పులుసు పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చుందని చెప్పాడు జోగులు.

"అయితే పులుసు మాడుతోందని చెప్పు."

జోగులు గాలి పీల్చి చూశాడు. "ఇంకా మాడట్లేదండి."

ఇంకొకరైతే ఫోను విసిరికొట్టేవాళ్ళు. ఆవిడ తాపీగా, "అయితే మాడేదాకా ఆగి చెప్పు" అంది.

ఆగారు. పన్నెండు ముప్పావుకి వాసనొచ్చింది. జోగులు చెప్పాడు. పోలమ్మత్త పప్పుగుత్తి పారేసి వంటింట్లోకి పరిగెత్తింది. అప్పలకొండమ్మ ఆజ్ఞ ప్రకారం జోగులు ముందుకి ఆరడుగులు వేసి, వీధి గుమ్మం వైపు తిరిగి, రోటి మీద కుడికాలు పెట్టాడు. కోట పడిపోయింది.

అప్పలకొండమ్మ వక్క ఉమ్మేసింది. అప్పుడు హైమ తల నిమిరి అంది. "డెబ్భై నాలుగేళ్ళొచ్చాయే నాకు. మీ తాత వినలేదు, మీ అమ్మ వినలేదు, పనిమనిషి కూడా వినదు. అక్షరం పొల్లుపోకుండా నా మాట విన్నవాళ్ళని ఈరోజే చూశాను. ఆ పిల్లాణ్ణి వదులుకోకు."

హైమ కళ్ళు నిండిపోయాయి. ఆవిడ ఫోనులోకి తిరిగి, "బాబూ, ఎక్కడివాళ్ళక్కడ కదలకుండా ఉండండి. తాంబూలాలు పట్టుకుని ఇప్పుడే వస్తున్నాం" అంది. సంబరంలో ఫోను కట్టెయ్యడం మర్చిపోయి అలాగే బొడ్లో దోపుకుంది.

ఆటో దిగి లోపలికొచ్చేసరికి ఆ ఇంటి శోభ చూడాలి. సన్యాసి ఒక చెయ్యి పైకెత్తి, ముక్కు మీద ఈగ వాలినా కదలకుండా ఉన్నాడు. జోగులు రోటి మీద కాలితో, చెవి దగ్గర ఫోనుతో శిలావిగ్రహంలా ఉన్నాడు. కళ్ళు మాత్రం హైమని చూసి తడిసిపోయాయి. పైడి ఎక్కడో దాక్కునే ఉన్నాడు. "రండి బాబూ, కూర్చోండి" అని అమ్మమ్మ రెండుసార్లు పిలిచింది. ఎవరూ రాలేదు. హైమ ముసిముసిగా నవ్వి, ఫోనులో చెప్పాలేమో అమ్మమ్మా అంది.

అప్పలకొండమ్మ బొడ్లోంచి ఫోను తీసి, రెండు గజాల దూరంలో ఉన్న పెళ్ళికొడుకుతో ఫోనులో, "ఇక కదలండి" అంది. సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోనులో ఛార్జి అయిపోయింది.

అంతే. ఎన్ని అడుగులో ఎవరూ చెప్పలేదు. సన్యాసి తిన్నగా వెళ్ళి చిక్కుడుపందిట్లో ఇరుక్కున్నాడు. గాదె వెనక నుంచి పైడి బయటికొచ్చి, గోడ దాటి పక్కింటివాళ్ళు ఏదో పెళ్ళికి వండుకుంటున్న వంటల్లోకి నడిచిపోయాడు. జోగులు రోటి మీంచి కాలు దించి, తాంబూలం పళ్ళెంతో నిలబడ్డ హైమ పక్కనుంచే, గుమ్మం దాటి, సందు దాటి, బెల్లం మార్కెట్టు మధ్యలోంచి పెద్దరోడ్డు ఎక్కాడు. హైమ ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని, ఆగండీ ఆగండీ అంటూ వెనకే పరిగెత్తింది. పక్కనుంచి ఎవరేమన్నా వినకూడదు కదా. ఆమె తన ఫోను తీసి అతనికి చేసింది.

జోగులు చేతిలో ఫోను మోగింది. తెర మీద హైమ పేరు వెలిగింది. అతని ఒళ్ళు పులకరించింది. ఇంత ప్రేమగా పిలుస్తోందే అనుకున్నాడు. కానీ కదలమన్నారు గానీ ఫోను ఎత్తమని ఎవరూ అనలేదు. పెళ్ళయ్యాక తీరిగ్గా ఎత్తుకుని మాట్లాడొచ్చులే అని, ఆ మోతనే వింటూ, పొంగిపోతూ లంకెలపాలెం వైపు ఇంకాస్త జోరుగా నడిచాడు.