గుట్ట వెనక అగ్గి గీత

ఊటగుట్ట కింద గూడెంలో ఇరమయ్య అనే మేస్త్రి ఉండేవాడు; నలుగురూ చూస్తుంటే కొండనైనా పిండి చేసేవాడు, చూసేవాళ్ళు లేకపోతే గడ్డిపోచ కూడా పీకేవాడు కాదు.

వరసగా వానలు ముఖం చాటేసిన రోజులవి. పొలాల్లో పని లేదు, ఇళ్ళల్లో గింజ లేదు. అప్పుడు సర్కారు, "మీ గుట్ట బోడిదైపోయింది. మీరే మొక్కలు నాటండి, మీరే కాపాడండి. కూలి మేమిస్తాం" అని డబ్బు పంపింది. గూడెమంతా కదిలింది. ఉసిరి నాటారు, నేరేడు నాటారు, వెదురు నాటారు. చంటిపిల్లల్ని వీపున కట్టుకుని ఆడవాళ్ళు కుండలతో నీళ్ళు మోశారు. పిల్లలు ఒక్కో మొక్కకు ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఏం చిత్రమో గానీ, గుట్ట కంటే ముందు మనుషుల ముఖాలు పచ్చబడ్డాయి. పొయ్యిలు వెలిగాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఎండిపోయిన ఊట కూడా కాస్త చెమర్చింది.

వేసవి ముదరకముందే చేయాల్సిన పని ఒకటుంది. అగ్గి గీత తీయడం. మొక్కల చుట్టూ బండి పట్టేంత వెడల్పున గడ్డి చెక్కి, రాలిన ఆకంతా ఊడ్చి, ఉత్త మట్టి కనబడేలా చేయాలి. అడవిలో నిప్పు పుడితే అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ దొరక్క చచ్చిపోతుంది. ఆ పని ఇరమయ్యకు అప్పజెప్పారు.

రోడ్డు వైపు గీత చూసి ఆఫీసరు జీపు ఆపి మరీ మెచ్చుకున్నాడు. ముగ్గు పెట్టుకోవచ్చు, అంత శుభ్రం. గుట్ట వెనక, జీపు ఎక్కలేని బండల అవతల మాత్రం పక్క అడవిలోంచి రాలిన టేకాకు మోకాలి లోతున అలాగే పడి ఉంది.

"వెనక గీత ఎప్పుడు బావా?" అంది కూలికొచ్చిన జోగమ్మ.

"అక్కడికి ఏ దొర వచ్చి చూస్తాడు?"

"దొర రాడు. నిప్పొస్తేనో?"

"వస్తే నీ నోరు అడ్డం పెడదాంలే. సరిపోతుంది" అన్నాడు ఇరమయ్య.

అందరూ నవ్వారు. జోగమ్మ కూడా నవ్వింది. పని అయిందనిపించుకుని ఇళ్ళకు పోయారు.

ఇరమయ్యకు కన్నమ్మ అని అక్క ఉండేది. తల్లి పోతే చంకనేసుకుని పెంచింది ఆమే. గుట్ట వెనక, వెదురు పొదకు ఇవతల, ఆమెకో ఇప్పచెట్టు ఉంది. తల్లి చేతి నుంచి వచ్చిన చెట్టు. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఎండుటాకుల్లో పడితే ఏరుకోవడానికి కనబడవని, ముందుగా చెట్టు కింద ఆకు కాల్చి నేల శుభ్రం చేసుకోవడం అక్కడి ఆడవాళ్ళ అలవాటు.

"ఒరే ఇరమా, నా చెట్టు దిగువన గీత తీశావా? రేపు ఆకు కాల్చుకోవాలి" అని అడిగింది కన్నమ్మ.

అంబలి తాగుతున్న ఇరమయ్య తలెత్తకుండానే, "తీశానక్కా. అద్దంలా ఉంది, పో" అన్నాడు.

తమ్ముడి మాటంటే ఆమెకు రాతి మీద రాత. పొద్దున్నే వెళ్ళి అగ్గిపుల్ల గీసింది. మంట హద్దు దాటితే కొట్టడానికి పచ్చికొమ్మ పట్టుకుని పక్కనే నిలబడింది. ఉన్నట్టుండి గాలి తిరిగింది. మంట ఆమె చేతి కింద నుంచి జారి, పొద దాటి దిగువకు, మొక్కల వైపు పరుగెత్తింది. "గీత దగ్గర ఆగుతుందిలే" అనుకుంది కన్నమ్మ.

ఆగలేదు.

గూడెమంతా కొమ్మలు పట్టుకుని పరుగెత్తింది. మధ్యాహ్నానికి గుట్ట మీద నాటినదేదీ మిగల్లేదు. నల్లటి పుల్లలు, వేడి బూడిద. పిల్లలు తమ మొక్కలు ఏవో పోల్చుకోలేక, పేర్లు పెట్టి పిలుస్తూ ఏడ్చారు.

"ఎవరు పెట్టారు?" అన్నాడు ఆఫీసరు.

జుట్టు కొసలు కాలిన కన్నమ్మ ముందుకొచ్చింది. "నేనే బాబూ."

"గుప్పెడు పూల కోసం మా నోటి దగ్గర కూడు తగలబెట్టిందయ్యా" అని అరిచారెవరో. ఇరమయ్య నోరు తెరిచాడు. ఇంతమంది చూస్తున్నారు కదా అని మళ్ళీ మూసుకున్నాడు.

అడవి పని డబ్బు వేరే ఊరికి పోయింది. మగవాళ్ళు కూలి వెతుక్కుంటూ తలో దిక్కూ పోయారు. కన్నమ్మతో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆమెకు నిప్పంటే భయం పట్టుకుంది. అగ్గిపెట్టె ముట్టుకునేది కాదు. రోజూ ఇరమయ్యే వచ్చి పొయ్యి వెలిగించేవాడు. మంట అంటుకోగానే ఆమె అదే మాట అనేది:

"గీతను కూడా దాటిందంటే, ఎంత మంట పెట్టానో రా నేను. చెయ్యి అదుపు తప్పింది. ముసలిదాన్నైపోయాను."

ఇరమయ్య పొయ్యి ఊదుతూ, పొగ తగిలినట్టు కళ్ళు తుడుచుకునేవాడు. రేపు చెబుదాం అనుకునేవాడు.

మళ్ళీ పూల కాలం వచ్చింది. ఊళ్ళో అందరి ఇప్పచెట్లూ పూశాయి. ఒక పక్కంతా కాలిన కన్నమ్మ చెట్టు పూయలేదు. అది చూసొచ్చిన రోజున ఇరమయ్య పొయ్యి ముందు కూలబడ్డాడు.

"అక్కా, నేను గీత తీయలేదక్కా. అబద్ధం చెప్పాను."

కన్నమ్మ అతని వైపు తిరిగింది. తిట్టలేదు. ఎక్కడో చూసిన మనిషిని గుర్తు చేసుకుంటున్నట్టు తమ్ముడి ముఖంలోకి చూసింది.

"తీయలేదని ఆ రోజే అనుంటే, నేను పుల్ల గీసేదాన్నే కాదు కదరా" అంది.

ఆ సాయంత్రమే ఇరమయ్య గూడెం మధ్య నిలబడి అంతా చెప్పాడు. జోగమ్మ వెళ్ళి కన్నమ్మ పక్కన కూర్చుంది. "ఆ రోజు నేనూ నవ్వాను వదినా" అని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే అతను వెళ్ళేసరికి అక్క పొయ్యి వెలిగి ఉంది. అంబలి ఉడుకుతోంది. ఆమె చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"ఇక నువ్వు రానక్కర్లేదులేరా" అంది కన్నమ్మ, కోపంగా కాదు, మెల్లగా.

ఇరమయ్య గడప అవతలే నిలబడిపోయాడు. అక్కణ్ణుంచి చూస్తే గుట్ట నల్లగా, బోడిగా కనబడుతోంది.

ఎవరూ చూడరని ఎగ్గొట్టిన పని అక్కడితో పోదు. మనల్ని నమ్మినవాళ్ళ నెత్తిన వచ్చి పడుతుంది.