తువ్వాలు కింద వేళ్ళు

నాకు అన్నీ వచ్చు, గురువుగారు మాత్రం ఏ పనీ ఇవ్వరు. సుభానీ గారి కొట్లో చేరిన కొత్తలో నా బాధ అదొక్కటే.

అన్నీ ఎలా వచ్చాయంటే, వీడియోలు చూసి. ఫోన్ విప్పడం, అద్దం మార్చడం, తాళం పడినదాన్ని తెరవడం, అన్నీ చూశాను. చూసినవన్నీ వచ్చినట్టే నా లెక్క. ఆ లెక్కన నాకు ఈత కూడా వచ్చు.

చీరాల గడియార స్తంభం దగ్గరి సందులో ఉండేది ఆ కొట్టు. ఇప్పుడు లేదు. బోర్డు మీద చివరిదాకా ‘సుభానీ రేడియోస్’ అనే ఉండేది. లోపల బాగుచేసేవి మాత్రం సెల్‌ఫోన్లు. గుమ్మంలోకి అడుగుపెట్టగానే కరిగిన సీసం వాసన, దాని వెనకాలే ఆయన అత్తరు వాసన. మూల గూట్లో ఒక ముసలి రేడియో ఎవరూ వినకపోయినా తన పాట తను పాడుకునేది.

“పనెప్పుడిస్తారు గురువుగారూ?” అంటే, “ఇస్తూనే ఉన్నాగదరా బ్రహ్మం. ఆ గ్లాసులు కడుగు” అనేవారు.

ఒక శుక్రవారం ఆయన నమాజుకి వెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను. భూతద్దం కూడా కంటికి పెట్టుకున్నాను, అవసరమేమీ లేకపోయినా.

అంతలో కనకవల్లి గారు వచ్చారు. సహకార సంఘం ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి.

“ఫోన్ నత్తలా నడుస్తోందని ఎవరో చెబితే ఏదో నొక్కాను నాయనా. అంతా తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు పాత మెయిలు పాస్‌వర్డ్ కొడితేగానీ లోపలికి రానివ్వనంటోంది. అదేమో నాకు గుర్తులేదు.”

“ఇంతేనా? కాసేపట్లో తెరిచేస్తాను. హాయిగా కొత్త మెయిలు పెట్టుకుందురుగాని.”

“కొత్తది నాకెందుకు? సుశీల పాతదానికి రాస్తుంది.”

సుశీల అంటే ఆఫీసులో ఆవిడ పక్క టైపు మిషను మీద పనిచేసిన మనిషి. ఇప్పుడు భిలాయ్‌లో ఉంటుంది. సుశీలకి చెవులు వినపడవు కాబట్టి ఫోన్లో మాట్లాడుకోరు. ఆదివారం ఆదివారం మెయిలే. సుశీల మెయిలు అడ్రసు కూడా ఆ ఫోన్లోనే పోయింది.

“ఎల్లుండి కూడా నా జవాబు వెళ్ళకపోతే నేను పోయాననుకుంటుంది. ఏడ్చి ఊరుకునే రకం కాదు. ఆ మోకాళ్ళతో రైలెక్కి వచ్చేస్తుంది” అన్నారు కనకవల్లి గారు. నవ్వుదామనుకున్నారు గాని నవ్వు రాలేదు.

నేను విచారణ మొదలుపెట్టాను.

“మీ పుట్టినరోజా?”

“కొట్టి చూశాను.”

“మీవారి పేరు?”

“ఆయన పేరు నేనెందుకు పెడతాను?”

“పోనీ కుక్కపిల్ల పేరు?”

“మా వీధిలో ఉన్నాయి. నేను పేర్లు పెట్టలేదు.”

పాత నంబరుకి కోడ్ పంపిస్తానంది ఫోన్. ఆ నంబరు ఎప్పుడో పోయింది. నాకు తోచినవన్నీ నేను కొట్టాను. దానికి విసుగొచ్చినట్టుంది, కాసేపాగి ప్రయత్నించమంది.

“గుర్తుండాలి నాయనా. అన్నేళ్ళు కొట్టాను” అంటూ ఆవిడ బల్లకేసి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ వేళ్ళు మాత్రం బల్ల మీద ఊరికే కదులుతున్నాయి.

గురువుగారు ఎప్పుడొచ్చారో, గుమ్మంలో నిలబడి ఆ వేళ్ళనే చూస్తున్నారు. నేను కుర్చీలోంచి లేచాను. భూతద్దం తియ్యడం మరిచిపోయాను.

“ఇంతకుముందు మెయిలు దేని మీద రాసేవారమ్మా?”

“కంప్యూటర్ మీదే సాయిబు గారూ. అది రేపో మాపో అన్నట్టుంటే, మా మేనల్లుడు ఇందులోకి మార్చిపెట్టాడు.”

ఆయన పాస్‌వర్డ్ సంగతే ఎత్తలేదు. అటక మీద నుంచి ఒక పాత కీబోర్డు దించి, దుమ్ము ఊది, చిన్న వైరుతో ఆవిడ ఫోన్‌కి తగిలించారు. నాచేత టీ తెప్పించారు. ఆవిడ తాగేదాకా సుశీల గురించి అడుగుతూ కూర్చున్నారు. ఫోన్ అలక తీరాక, భుజం మీద తువ్వాలు తీసి ఆవిడ చేతుల మీద కప్పారు.

కనకవల్లి గారు ఈసారి నిజంగానే నవ్వారు. “టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మా మాస్టారూ ఇంతే. అక్షరాలు చూస్తామని గుడ్డ కప్పేవారు.”

“సుశీలమ్మకి రాయబోతున్నారు. అంతే అనుకోండి” అని, నాతో “నువ్వటు తిరగరా” అన్నారు. తనూ తిరిగారు.

ఇద్దరం గోడకేసి చూస్తూ నిలబడ్డాం. వెనక టకటకమని చప్పుడు, వాన చినుకులు రేకు మీద పడినట్టు. తర్వాత రేడియో తప్ప ఏమీ వినపడలేదు.

“వచ్చిందండీ” అన్నారావిడ, మెల్లగా. “ఏం కొట్టానో నాకే తెలీదు.”

సుశీల ఆదివారం దాకా ఆగలేదు. ముందే రాసేసింది. ఒకటే ముక్క. ‘ఏమే, ఉన్నావా?’

కనకవల్లి గారు తువ్వాలు తియ్యకుండానే జవాబు కొట్టారు. ‘ఉన్నానే.’ తర్వాత కళ్ళు తుడుచుకోవడానికి అదే తువ్వాలు వాడుకున్నారు.

సాయంత్రం గురువుగారు నన్ను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టారు. నా ముందు ఒక పాత ఫోన్, స్క్రూడ్రైవరు పెట్టారు.

“పని కావాలన్నావుగా. విప్పు.”

నేను చొక్కా చేతులు మడిచాను. అప్పుడాయన భుజం మీద తువ్వాలు తీసి, నా చేతుల మీద కప్పి, టీ తాగడానికి వెళ్ళిపోయారు.

ఆయన తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. తువ్వాలు కింద నా వేళ్ళు మొదటి స్క్రూ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాయి.