కోటిలింగం పడని రోజు

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పడం మా అంకయ్య గురువుగారికి అలవాటు లేదు. నోట్లో వక్క నానేదాకా ఊరుకుంటారు. అందుకే తొందర మనుషులు ఆయన దగ్గర నిలవలేదు. కోటిలింగం ఎట్లా నిలిచాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మా మఠంలో బియ్యం ఏరే మస్తానమ్మకు మూర్ఛ జబ్బు. ప్రభుత్వం ఇచ్చే పింఛనుతోనే మందులు కొనుక్కుంటుంది. ఆ పింఛన్లు తనిఖీ చేసేవాళ్ళు ఎల్లుండి ఊళ్ళోకి వస్తారని, ఇరుగుపొరుగును కూడా అడుగుతారని ఒకనాడు కబురొచ్చింది. ఆమె పక్కింటివాడు కోటిలింగమే. ఆమె మందులు ఆగిపోవడానికి వాడి నోటివెంట ఒక్క మాట చాలు.

వాడు గురువుగారి ముందు కూర్చుని అడిగాడు. "సామీ, మూడేళ్ళుగా చూస్తన్నా, ఆ మనిషి పడింది లేదు. కాలూ చెయ్యీ గుండ్రాయిలా ఉన్నాయి. నాకన్నా చురుగ్గా నడుస్తది. అవిటోళ్ళకిచ్చే డబ్బు దానికెందుకు? నన్ను అబద్ధం చెప్పమంటారా?"

మస్తానమ్మ చేట పట్టుకుని అక్కడే ఉంది. తల ఎత్తలేదు.

గురువుగారు వక్క ఉమ్మేసి వచ్చారు. "రేపు పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా ఈ చేతిగంట నా దగ్గరే ఉంటది. అది మోగిందా, చేతిలో ఏముంటే అది వదిలేసి ఉన్నచోటే కట్టెలా పడాలి. చేతులు ఆనించుకోకూడదు. ఒప్పుకుంటావా?"

"ఇదెంత పని సామీ," అని వాడు పాదుకల మీద చెయ్యి వేశాడు. మా మఠంలో పాదుకల మీద చెయ్యి వేసి మాట తప్పినవాడు లేడు.

మర్నాడు వంట వాడి వంతు. పొయ్యి దాకా వచ్చి ఆగాడు. కాగే నూనె వంక చూశాడు, గురువుగారి చేతి వంక చూశాడు, వెనక్కి వెళ్ళిపోయాడు. నీళ్ళు తోడమంటే బావి దగ్గరికి పోయి, చేంతాడు కింద పెట్టి వచ్చేశాడు. వాడి కూతురు తన పసివాణ్ణి అందించబోతే, "నాకివ్వకమ్మా, కింద కూర్చోబెట్టు" అన్నాడు. పప్పుచారు గుండిగ పంక్తి దాకా నేనే మోశాను, డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో. అది నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

"ఏమయ్యా, ఒంట్లో బాగానే ఉందిగా?" అన్నాను. వాడు మధ్యాహ్నం నుంచి ఒక మూల చాప వేసుకుని కూర్చుండిపోయాడు. మస్తానమ్మ వచ్చి, వాడి తల పక్కనున్న రోకలి తీసి అవతల పెట్టి వెళ్ళింది.

పొద్దు కుంకింది. గంట మోగలేదు. వాడు లేచి గురువుగారి ముందు నిలబడ్డాడు. మొహం జ్వరపడి లేచినవాడిలా ఉంది.

"రేపు వాళ్ళొస్తన్నారు సామీ. నన్నేం చెప్పమంటారు?"

గురువుగారు గంట తీసి గూట్లో పెట్టారు.

"ఇవాళ నువ్వెన్నిసార్లు పడ్డావో అది చెప్పు," అన్నారు.