మంచుమెట్ట అడవిలో ముందు మొలిచిన లిల్లీ

ఎక్కడికైనా అందరికంటే ముందు చేరడం నాకున్న గొప్ప సుగుణం. పెళ్లిళ్లలో విస్తళ్లు వెయ్యకముందే బంతిలో కూర్చుంటాను. కాబట్టి ఈ కథలో తప్పు చేసిన లిల్లీని నేను మరీ గట్టిగా తిట్టలేను.

మంచుమెట్ట అడవిలో ఉడుతలు, అడవికోళ్లు, వానపాములు ఉండేవి. అడవి అంచున, యాత్రికుల బస వెనక ఒక పూలతోట. అక్కడ మట్టిలో ఒక పెద్ద లిల్లీ గడ్డ, దాన్ని అంటుకుని ఆరు పిల్లగడ్డలు చలికాలమంతా నిద్రపోయేవి.

మాఘమాసంలో ఒకనాడు నేల వెచ్చబడింది.

"లేవండర్రా, వసంతం వచ్చేసింది. ఈ ఏడు తోటలో మొదటి పువ్వు మనదే," అంది పెద్ద లిల్లీ.

పక్కనే మట్టి తొలుస్తున్న వానపాము ఆగింది. "వదినా, నేనిప్పుడే ఆ మూల నుంచి వస్తున్నా. అక్కడ మట్టి జిల్లుమంటోంది. నీ నెత్తిమీద ఎవరో చలిమంట వేసినట్టున్నారు. రెండడుగుల అవతల ఎలా ఉందో కనుక్కోకుండా వసంతం అంటావేంటి?"

"కాళ్లూ కళ్లూ లేని నువ్వా నాకు రుతువులు చెప్పేది?"

"కళ్లు లేవు కనకే తడిమి చూసుకుంటాను."

ఐదు పిల్లగడ్డలు తల్లితోపాటే మొలకెత్తాయి. ఆరోది, అన్నిటికంటే చిట్టిది, "వానపాము అత్త చెప్పాక వస్తాలే, నాకింకా నిద్రొస్తోంది," అంది.

"సోమరిపోతు," అంది తల్లి.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. పచ్చటి మొలకల్ని చూసి అడవికోళ్లు మెచ్చుకున్నాయి కూడా. ఐదో రోజు సాయంత్రం గాలి తిరిగింది. వడగళ్లు పడ్డాయి. తెల్లవారేసరికి తోటంతా మంచు పేరుకుపోయింది.

ఎండ వచ్చాక చూస్తే మొలకలన్నీ నల్లబడి నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. పెద్ద గడ్డలో ఇంకా సత్తువ ఉంది, బతికింది. మొలకెత్తిన ఐదు పిల్లగడ్డలు మాత్రం తమలో ఉన్నదంతా ఆ ఒక్క మొలకకే పోసేశాయి.

తల్లి పిలిచింది. ఒక్కటీ పలకలేదు. మళ్లీ పిలిచింది.

వానపాము వచ్చి ఒక్కోదాన్నీ తడిమింది.

చైత్రంలో నేల నిజంగానే వెచ్చబడింది. వానపాము చెప్పాక చిట్టిది లేచి, ఏపుగా ఆకు విప్పింది. చుట్టూ చూసి, "అమ్మా, నాకంటే ముందొచ్చినవాళ్లు ఏరీ?" అని అడిగింది.

"ఆ రోజు అందరూ వసంతమే అన్నారమ్మా," అంది పెద్ద లిల్లీ.

అన్నది తనొక్కతే.

నీతి: పెద్దవాళ్ల తొందరకు ముందు బలయ్యేది వాళ్లను నమ్మి వెంట నడిచినవాళ్లే; అందుకే అడుగు వేసేముందు పక్కవాళ్ల మాట వినాలి. ఇక అంతా అయ్యాక "తప్పు నాదే" అని ఒప్పుకోవడం ఎలాగో, అది నేనూ ఇంకా నేర్చుకోలేదు.