గురివి కేక

అనగనగా అనగానే ఆవులించేవాళ్ళు లేచి వెళ్ళి పడుకోండి. ఊ కొట్టేవాళ్ళు ఇటు దగ్గరికి జరగండి. ఎవరో మజ్జిగ ఒలకబోసి మీద చాప కప్పినట్టున్నారు, పుల్లటి వాసన వస్తోంది. సరే, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు గురివి మాట వినండి. ఇది మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఏ రాజు కాలమో నాకు తెలీదు, నన్నడక్కండి.

ఒక వాగు ఉండేది. ఆ వాగు ఒడ్డున మూడు ఊళ్ళు. పై ఊరు, నడిమి ఊరు, కింది ఊరు. మూడు ఊళ్ళూ తాగేది ఆ వాగు నీళ్ళే. ఒడ్డు పొడుగునా జొన్నచేలు. వాటన్నిటికీ ఎగువన గుడ్డలకి రంగులద్దేవాళ్ళ పేట.

ఆ పేటకి సరుకు మోసే మోతగాళ్ళలో గురివి ఒకతె. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నెత్తి మీద చుట్టకుదురు, చేతిలో ఒక కర్ర, అదే ఆమె ఆస్తి. మూట మోస్తే తిండి, మోయకపోతే పస్తు.

మోతగాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేది. మూట ఒలికిందన్న మాట నోట రాకూడదు. ఒలికితే గుట్టుచప్పుడు కాకుండా ఎత్తుకోవాలి, మిగిలినదాని మీద మట్టి కప్పాలి, ఏమీ ఎరగనట్టు నడిచిపోవాలి. ఒలికిందని నలుగురిలో అన్నవాళ్ళకి మళ్ళీ ఎవరూ మూట ఎత్తరు. పరువంట. ఏం పరువో ఏమో!

ఒకనాడు గురివికి హరిదళం మూట ఎత్తారు. హరిదళం అంటే రంగుల్లో కలిపే రాయి పొడి. చూడ్డానికి అచ్చం పసుపే. కానీ విషం. పిసరంత కడుపులో పడితే ఎద్దు కూడా పడిపోతుంది. గాడిద మీద వేస్తే గాడిద నాకి చస్తుందని, ఆ మూట మనిషి నెత్తి మీదే మోయించేవాళ్ళు. చూశారా, గాడిద ఖరీదు తెలుసు వాళ్ళకి.

గురివి వాగు దాటుతోంది. రేవు బండ మీద పాచి. కాలు జారింది. మూట పడింది, పిగిలింది. పసుప్పచ్చని పొడి బండ మీద సగం, నీళ్ళ అంచున సగం. కొంత అప్పుడే నీళ్ళలో కలిసి పచ్చగా సాగిపోతోంది.

గురివి బురద దోసిళ్ళతో తీసి గబగబా గట్టు కట్టింది. ఇంకా పడేది ఆగింది కానీ, పోయింది పోయింది. పొద్దు వాలుతోంది. పొద్దు వాలితే మూడు ఊళ్ళ ఆడవాళ్ళూ బిందెలతో వాగులోకి దిగుతారు.

వెనకాలే మోతల పెద్ద ఈరన్న వచ్చాడు. చూశాడు. ఇసక కప్పి పోదాం పద, నోరెత్తకు అన్నాడు.

"పోయినదాని సంగతేంటి పెద్దయ్యా? కింద తాగుతారు గదా" అంది గురివి.

"నోరెత్తితే నీకిక మూట లేదు. ఆలోచించుకో" అని ఈరన్న వెళ్ళిపోయాడు.

తర్వాత సరుకు ఆసామి వచ్చాడు. చూశాడు. ఆ మిగిలింది కూడా నీళ్ళలోకి తోసెయ్, వాగు పెద్దది, అదే కడుక్కుపోతుంది అన్నాడు. ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని అతనూ వెళ్ళిపోయాడు.

తర్వాత పై ఊరి ఆడవాళ్ళు వచ్చారు. చూశారు. బండ మీద కుప్పగా పసుపు! గౌరమ్మే వచ్చి రాల్చిపోయిందనుకున్నారు. చేతులు జోడించారు. ఒకామె పుస్తెలకి అద్దుకుందామని వేలు చాపింది. విషమమ్మా అంటూ గురివి ఆ చేతి మీద కొట్టింది. అంతే, అందరూ తిట్టిపోశారు. మొగుడు పోయినదానికి పసుపంటే కళ్ళమంట అన్నారు. పాపం, ఆ మాట ఎంత కోసుంటుందో.

గురివి వాగు కిందికి చూసింది. కిందికి పరిగెడితే వీళ్ళు దీన్ని కొంగుల్లో కట్టుకుపోతారు. ఇక్కడే ఉంటే కింద వాళ్ళు తాగేస్తారు. మనిషి ఒక్కతే. రెండు చోట్ల ఎలా ఉంటుంది?

అది జొన్న పాలు పట్టే కాలం. చేలల్లో మంచెలు, మంచెల మీద పిట్టలు కొట్టే కాపరులు. ఒక మంచె కేక ఇంకో మంచెకి వినిపిస్తుంది. గురివి రేవు బండెక్కి, కాపరులకి వినపడేలా, మోతగాళ్ళు ఎన్నడూ అనని మాట అంది.

"ఒలికింది! నా మూటే ఒలికింది! విషం, నీళ్ళు ముట్టకండి!"

ఒకసారి అరిచింది. రెండుసార్లు అరిచింది. మూడోసారికి గొంతు చీరుకుపోయింది.

మొదటి మంచె మీద తిప్పయ్య అనే ముసలాయన వడిసెల కింద పడేసి, అదే మాట కిందికి అరిచాడు. ఆ కింద మంచె అందుకుంది. దాని కింద మంచె అందుకుంది. నీళ్ళ కంటే ముందు కేక పోయింది. పై ఊరు దాటింది, నడిమి ఊరు దాటింది, కింది ఊరు చేరింది. అక్కడ ఒక బాలింత వంగి బిందె ముంచబోతూ ఆగిపోయింది.

పై ఊరి ఆడవాళ్ళు అప్పుడు చేతులు వెనక్కి తీసుకున్నారు. నా మూట అని తనంతట తాను చెప్పుకున్నది అబద్ధమాడుతుందా? కొంగులు బిగించి సాయం చేస్తామని ముందుకొచ్చారు.

గురివి రానివ్వలేదు. "పిల్లలకి అన్నం కలిపే చేతులమ్మా మీవి. కుండలు తెచ్చి ఒడ్డున పెట్టండి, చాలు" అంది.

ముందు తడి మట్టితో పొడి ఎత్తింది, గాలికి లేవకుండా. తర్వాత దాని కింద ఇసక జానెడు లోతు తోడింది. ఆ తర్వాత గట్టు లోపలి నీళ్ళు చిప్పతో తోడింది. అన్నీ కుండల్లో పోసి, మూతులకి బంకమట్టి మెత్తింది. నీళ్ళు నిలవని రాతిగుట్ట మీద గొయ్యి తీసి కుండలు పాతింది. వాగు మళ్ళీ తేటపడి, చేపలు తిరిగేదాకా మూడు ఊళ్ళూ చేల బావుల నీళ్ళే తాగాయి. ఒక్క ప్రాణం పోలేదు.

ఒక్క ప్రాణం అంటే, అప్పటికి.

గురివికి మళ్ళీ ఎవరూ మూట ఎత్తలేదు. ఎత్తినా మోయలేకపోయేది. అరిచేతులు నల్లబడ్డాయి, కాయలు కాచి పగిలాయి. అన్నం ఇమడలేదు. ఆడవాళ్ళు వంతులేసుకుని గంజి పోశారు. జొన్న కోతలకి ముందే పోయింది.

అయినవాళ్ళు లేని మనిషి. కట్టుబాటు తప్పిందని మోతగాళ్ళు ఆమె గడప తొక్కలేదు. శవం గుడిసెలోనే ఉండిపోయింది. అప్పుడు తిప్పయ్య మంచెక్కాడు. "గురివి పోయింది" అని అరిచాడు. కింద మంచె అందుకుంది. దాని కింద మంచె అందుకుంది. పై ఊరు వచ్చింది, నడిమి ఊరు వచ్చింది, కింది ఊరు వచ్చింది. బాలింత కూడా బిడ్డనెత్తుకుని వచ్చింది. ఒడ్డంతా జనం.

పాడె ఎత్తే వేళకి ఈరన్న వచ్చాడు. ఏడుస్తూ వచ్చాడు. చుట్టకుదురు తీసి భుజం మీద పెట్టుకుని ముందు కొమ్ము పట్టాడు. మిగతా మోతగాళ్ళు తల వంచుకుని వెనకాల నడిచారు. ఆనాటితో ఆ కట్టుబాటు పోయింది.

ఇప్పటికీ ఆ గుట్ట మీద మేకని మేపరు. గొయ్యి చెదిరిందేమో చూసి, అటుగా పోయినవాళ్ళు ఒక రాయి వేసిపోతారు. ఇప్పటికీ ఆ వాగు పొడుగునా ఏది ఒలికినా, నూనె గానీ సున్నం గానీ పొలానికి కొట్టే మందు గానీ, ఒలికించినవాళ్ళే మూడుసార్లు కేకేస్తారు. విన్నవాళ్ళు కిందికి అందిస్తారు. ఎవరు ఒలికించారని ఎవరూ అడగరు. ఎక్కడ అని అడిగి, చేతికందింది పట్టుకుని పరిగెత్తుకొస్తారు.

గురివి మాట నా దగ్గర్నుంచి మీకందింది. ఇంక చాపలు ఎత్తండి. ఆ మజ్జిగ ఎవరు ఒలికించారని నేనడగను.

ఎక్కడ?