సుంకులమ్మ వదలని పీట

ఊఁ కొట్టేవాళ్లుంటే చెప్తా. లేదంటే నా విస్తళ్లు నేను కుట్టుకుంటా, నాకేం పోయింది? కొట్టినారా? అయితే వినండి. మీ తాతకు తాత ఉన్నాడే, ఆయనకు కూడా ఇది పాత కథే.

ఎర్రమిట్ట అని ఒక ఊరు. ఊరికి ఐదు వాడలు. వాడకొక పెద్ద, పెద్దకొక పీట. ఐదు పీటలూ చావడిలో వరసగా ఉండేవి. ఊటకాలవ నీళ్లు ఏ పొద్దు ఎవరి చేలోకి పోవాలో ఆ ఐదుగురే కూర్చుని చెప్పేవాళ్లు. వాళ్లు చెప్పిందే మాట.

ఆ చావడి ఊడ్చి అలికే మనిషి సుంకులమ్మ. దిగువ వాడ మనిషి. మొగుడు పోయినాడు, బిడ్డలు లేరు. కాలవ చిట్టచివర చాపంత జొన్నచేను మాత్రం ఉంది. నోరు మంచిదే గానీ, ఒకటనుకుంటే బ్రహ్మదేవుడొచ్చి చెప్పినా వినదు.

ఆ ఊళ్లో ఒక కట్టు ఉండేది. పెద్ద చచ్చిపోతే ఆయన పీటను బయటికి తెచ్చి, చావడి ముందర ఎండలో బోర్లా పెట్టాల. పీట ఖాళీ అయిందని దారిన పొయ్యే ప్రతి ఒక్కరికీ తెలియాల గదా! ఆ తర్వాత ఫలానా రోజని చెప్పి, ఐదు వాడలనూ పిలవాల. పట్టపగలు, అందరూ చూస్తుండగా, చచ్చినాయన వాడవాళ్లు తలా ఒక గులకరాయి తెచ్చి తమకు నచ్చిన మనిషి ముందర పెట్టాల. ఎవరి ముందర కుప్ప పెద్దదైతే వాడు పీట మీద కూర్చోవాల. ఒకసారి కూర్చున్నవాణ్ణి చచ్చేదాకా లేపకూడదు.

ఇంకొకటుంది. చచ్చినవాని పీటకు మైల. పెద్దలు ముట్టరు, పెద్దల ఇండ్లవాళ్లు ముట్టరు. బయట పెట్టాలన్నా, లోపలికి తేవాలన్నా చావడి ఊడ్చే మనిషే చెయ్యెయ్యాల. మైలంటే వాళ్లకు అంత భయం! పాపమంటే మాత్రం చీమ కుట్టినట్టైనా ఉండదు.

ఒక ఎండాకాలం దిగువ వాడ పెద్ద నరసింగప్ప చచ్చిపోయినాడు. సుంకులమ్మ ఆయన పీట మోసుకొచ్చి ఎండలో బోర్లా పెట్టింది. పది దినాలైంది. ఇరవై దినాలైంది. నెలైంది. నింపే రోజు ఎవరూ చెప్పలేదు.

ఎందుకు చెప్తారు? ఎగువ వాడ పెద్ద ఓబుళయ్యకు ఒక అల్లుడున్నాడు. పీట గుట్టుగా లోపలికి చేర్పించి, రాళ్లు పడకుండానే వాణ్ణి దాని మీద కూర్చోబెట్టాలని ఆయన ఎత్తు. ఒకసారి కూర్చుంటే ఇంక లేపేవాడెవడు? తక్కిన ముగ్గురూ తలూపినారు. ఆ అల్లుడు కూర్చుంటే దిగువ వాడ తరఫున మాట్లాడే నోరుండదు. నోరు లేకపోతే కాలవ తిరగదు. కాలవ తిరక్కపోతే దిగువ వాడ ఏమైతుందో మీకు చెప్పాల్నా?

మొదట ఓబుళయ్య నవ్వుకుంటా వచ్చినాడు.

“ఏమ్మే సుంకులీ, ఆ పీట తుడిచి లోపల పెట్టు. నీకు కొత్త చీర పెడతా.”

“చీర మంచిదే సామీ. రోజు చెప్పు, అందరి ముందర నింపు. ఆ పొద్దే లోపల పెడతా.”

రెండోసారి ముఖం మాడ్చుకొని వచ్చినాడు.

“పీట లోపల పెడతావా, చీపురు కింద పెడతావా?”

“చీపురు ఇదో పెట్టినా. రోజు చెప్పు, అందరి ముందర నింపు.”

మూడోసారి పండ్లు కొరుకుతా వచ్చినాడు.

“పక్కూరి చావడి ఊడ్చే గంగులమ్మను పిలిపిస్తాండా. నాలుగో పొద్దుకు వస్తది. ఆమె పెడతది లోపల. నీ దిక్కున్నచోట చెప్పుకో పో!”

సుంకులమ్మ పోయి ఆ పీట పక్కన ఎండలో కూర్చుంది. పీట కాలొకటి చేత్తో పట్టుకుంది. ఒకరు పట్టిన పీటను ఇంకొకరు లాక్కోకూడదని ఊడ్చేవాళ్లలో వాళ్లకొక మాటుంది. ఆమెకున్న బలమంతా అదొక్కటే.

ఓబుళయ్య చావడి నీడలో నిలబడి ఊరంతా వినేట్టు చెప్పినాడు. “కూర్చోనీ. దానికి గుక్కెడు నీళ్లిచ్చినోని చేనికి ఈ ఏడు కాలవ తిరగదు!”

అదీ మాట. అయ్యో, ఎంత మాట!

మొదటి పొద్దు దిగువ వాడ కాటమయ్య గొర్రెలు తోలుకొని ఆ దారిన వచ్చినాడు.

“పీట ఖాళీగా ఉంది. చూసి పో నాయనా,” అనింది సుంకులమ్మ.

“నేను చూడలేదు, నువ్వు చెప్పలేదు. గొర్రెలు దప్పికతో చస్తాయి అవ్వా,” అని తల దించుకొని పోయినాడు.

రెండో పొద్దు ఆమె సొంత వదిన లచ్చుమక్క వచ్చింది. నెత్తిన కడవ, కడవ నిండా నీళ్లు.

“పీట ఖాళీగా ఉంది. చూసి పో వదినా.”

లచ్చుమక్క నిలబడింది. చావడి దిక్కు చూసింది. నీడలో ఓబుళయ్య కూర్చొని ఉన్నాడు. కండ్లల్లో నీళ్లు పెట్టుకుంది గానీ కడవలో నీళ్లు మాత్రం వంచలేదు. పోయింది.

మూడో పొద్దు నరసింగప్ప కొడుకు కదిరప్ప వచ్చినాడు. సుంకులమ్మకు అప్పటికి గొంతు పోయింది. పెదాలు పగిలినాయి. పెదాలు కదిపితే ఏమంటాందో వానికి తెలిసింది.

“రేపొస్తా అవ్వా. దిగువ వాడనంతా పిలుచుకొని వస్తా. ఈ ఒక్క పొద్దు ఓర్చుకో,” అన్నాడు.

రేపట! ఆ పొద్దు కాసిన ఎండకు చావడి మెట్ల మీద కాలు పెట్టినోడు లేడు. ఈయన రేపొస్తాడంట!

వచ్చినాడు. అబద్ధం చెప్పలేదు. నాలుగో పొద్దు తెల్లవారగానే నలభైమందిని వెంటబెట్టుకొని, చేత నీళ్ల ముంత పట్టుకొని వచ్చినాడు. సుంకులమ్మ పీట మీదికి ఒరిగి ఉంది. ముంత నోటికి పెడితే నీళ్లు గడ్డం మీద నుంచి కారిపోయినాయి. చెయ్యి మాత్రం పీట కాలు వదల్లేదు.

గంగులమ్మ కూడా అప్పుడే వచ్చింది.

“ఆ చెయ్యి విడిపించి పీట లోపల పెట్టు,” అన్నాడు ఓబుళయ్య.

గంగులమ్మ చూసింది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

“పట్టిన చెయ్యి వదల్లేదు సామీ. నేను లాగను. నీకు కావాలంటే నువ్వు లాక్కో.”

ఓబుళయ్య ఒక అడుగేసినాడు. రెండడుగులేసినాడు. మూడో అడుగు పడలేదు. మైల! ముందే మైల పీట, ఇప్పుడు దాని మీద ఇంకొక చావు. ఆయన అల్లుడు ఎప్పుడు జారుకున్నాడో జారుకున్నాడు.

లచ్చుమక్క వంగి నేల మీద ఒక గులకరాయి ఏరింది.

“రోజు చెప్పమనే గదా అది అడిగింది? ఈ పొద్దే ఆ రోజు. ఎవరు కాదంటారో ఎండలోకొచ్చి చెప్పండి,” అనింది.

ఎవరూ రాలేదు. తక్కిన నాలుగు వాడల జనం కూడా వచ్చి చుట్టూ నిలబడినారు. చచ్చిన మనిషి ముందరే, ఆ మండే ఎండలోనే, దిగువ వాడవాళ్లు ఒక్కొక్కరే రాళ్లు పెట్టినారు. కుప్ప కదిరప్ప ముందర లేచింది. వాడు బోరుమని ఏడ్చినాడు.

“నాకొద్దు. నేను రేపన్నోణ్ణి. నాకు యోగ్యత లేదు.”

“రేపన్నోనివే కూర్చోవాల. నేను కడవ మోసుకొని పోయినదాన్ని, నేనూ చూస్తా ఉంటా. కూర్చొని జన్మంతా గుర్తు పెట్టుకో,” అనింది లచ్చుమక్క.

అప్పుడు ఆమే సుంకులమ్మ వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది. గంగులమ్మ పీట లోపల పెట్టింది. ఆ వారమే కాలవ దిగువకు తిరిగింది. చాపంత జొన్నచేను కూడా తడిసింది. కోసుకునేదానికి మనిషి లేదు.

కదిరప్ప కూర్చున్నాక చెప్పిన మొదటి మాట ఇది. ఏ పీట ఖాళీ అయినా, కర్మలైన మరుసటి పొద్దు నుంచి అది నిండేదాకా తక్కిన నాలుగు పీటలూ ఎండలోకే రావాల. పెద్దలు వాటి మీదే కూర్చోవాల. పీట నిండేదాకా వాళ్లకెవరూ నీళ్లియ్యకూడదు.

ఇప్పటికీ ఎర్రమిట్టలో అదే కట్టు. పెద్ద చచ్చి కర్మలైన మరుసటి పొద్దు పీటలన్నీ బయటికొస్తాయి, ఊరంతా వస్తుంది, మధ్యాన్నం లోపల రాళ్లు పడిపోతాయి. అంతకుముందు నెల పట్టిన పనే చూడండి!

ఖాళీ పీట బయటుంటే ఆ దారిన పొయ్యేవాళ్లు ఊరికే పోరు. గొర్రెలాయనైనా, కడవ మోసే ఆడమనిషైనా, ఎవరైనా నిలబడాల్సిందే. ఆ పీట పక్కన గుక్కెడు నీళ్లు నేల మీద వంచుతారు. వంచి, “చూసినాం అవ్వా” అంటారు. అని, పీట నిండేదాకా అక్కడే ఆగుతారు.